చిన్న పట్టణంలో కొత్తగా కట్టిన ఇల్లు కొంటున్నారా? తాళాలు చేతికి తీసుకునే ముందు చేయాల్సిన పరీక్షలు

పాత ఇల్లు తన లోపాలను దాచుకోలేదు. స్లాబు కారిన చోట మరక ఉంటుంది, గోడ కుంగిన చోట బీట ఉంటుంది, నీళ్లు నిలిచే మూల పాచి పట్టి ఉంటుంది. పదేళ్ల వానలూ పదేళ్ల ఎండలూ దాన్ని ముందే పరీక్ష చేసి పెట్టి ఉంటాయి. మనం చూసి తెలుసుకుంటే చాలు.

కొత్త ఇంట్లో అవేమీ కనిపించవు. లప్పం పెట్టి నున్నగా రంగు వేసిన గోడలు, మెరిసే టైల్స్, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయని స్విచ్‌లు కనిపిస్తాయి. చూడగానే మనసు పడిపోతుంది. మా కుటుంబం మొదటి ఇల్లు అలాగే కొన్నది. సాయంత్రం పూట, మంచి వెలుతురులో ఒక గంట చూసి సరే అనేశాం. మొదటి వానాకాలం దాటేసరికి వెనక గది గోడ అడుగున్నర ఎత్తు వరకు చెమ్మెక్కింది. ఆ తర్వాత చెల్లెలికీ, అత్తయ్య వాళ్లకీ ఇళ్లు చూసేటప్పుడు ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. కొత్త ఇంటికి గతం లేదు కాబట్టి, అది నిలబడిన నేల గతాన్నీ, కట్టిన రోజుల గతాన్నీ వెతికి పట్టుకోవాలి. ఆపైన కొనకముందే ఆ ఇంటిని ఒక రోజు పూర్తిగా వాడి చూడాలి. ఈ వ్యాసంలో చెప్పే అడుగులన్నీ ఆ రెండు పనుల కోసమే.

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు, టార్చిలైటు, చిన్న రసమట్టం, దారానికి కట్టిన బరువు, గాజు గోళీ, నాణెం, బకెట్, సాకెట్ టెస్టర్ పట్టుకెళ్లండి. ఒక నోటుబుక్కు కూడా. ఒక్కసారి వెళ్తే సరిపోదు. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, వీలైతే పెద్ద వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్లాలి.

మొదటి అడుగు: ఇంటికంటే ముందు నేలను అడగండి

ఇంటి తాళం తీయించకముందే ఆ వీధిలో అరగంట నడవండి. చిన్న పట్టణంలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఆ స్థలం ఇరవై ఏళ్ల కిందట ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు పక్క వీధిలోనే ఉంటారు. అత్తయ్య వాళ్లకి చూసిన మొదటి ఇల్లు నాకు బాగా నచ్చింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడని ఊరికే పలకరించాను.

"అవ్వా, ఈ ఇల్లు కట్టకముందు ఇక్కడేముండేది?"

"కుంట ఉండేది బాబూ. మా పిల్లలు ఈత నేర్చుకుంది అందులోనే."

ఆ రెండు మాటలు మాకు ఎన్నో ఏళ్ల టెన్షన్ తప్పించాయి. కుంట పూడ్చిన చోట ఇల్లు కట్టకూడదని కాదు. పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయాలి, లేదా పునాదిని ఆ మట్టి దాటి కిందున్న గట్టి నేల దాకా దించాలి. అది చేశారని చూపించే కాగితం గానీ ఫొటో గానీ అమ్మేవాళ్ల దగ్గర లేదు. మేం వదిలేశాం.

అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఇక్కడ చెరువు, కుంట, వాగు, ఇటుకల కోసం తవ్విన గుంట, చెత్త పోసిన స్థలం ఏమైనా ఉండేదా? పెద్ద వానలప్పుడు నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి? మట్టి ఎలాంటిది? తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే బంకమట్టి అయితే పునాది ఎంత లోతు తీశారో తప్పకుండా తెలుసుకోవాలి. అలాంటి నేల ఏటా పైకీ కిందకీ కదులుతుంది. పునాది పైపైన ఉంటే ఇల్లు కూడా దానితో పాటే కదులుతుంది.

ఇళ్లు లేని కాలం నాటి ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు కంప్యూటర్లో చూడొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలకు వెనక్కి వెళ్లే సదుపాయం ఉంది. వానాకాలం చిత్రం దొరికితే నీళ్లు ఎటు పారేవో అందులోనే తెలిసిపోతుంది.

రెండో అడుగు: ఎత్తు, వాలు, రోడ్డు

ఇంటి నేలమట్టం రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో కొలవండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేస్తే, కొన్నేళ్లలో రోడ్డు జానెడు పెరుగుతుంది. ఇవాళ రెండు మెట్లు ఎత్తులో ఉన్న ఇల్లు అప్పుడు ఒక్క మెట్టుకు దిగుతుంది, ఆ తర్వాత వాన నీళ్లు గుమ్మంలోకి చూస్తాయి. ఇంటి నేల రోడ్డు కంటే కనీసం మోకాలి ఎత్తులో ఉండాలనేది నా లెక్క. చుట్టూ ఖాళీ స్థలాలు ఉంటే ఇంకొంచెం ఎక్కువే కావాలి, ఎందుకంటే రేపు పక్కవాళ్లు మెరక తోలుకుంటే నీళ్లు మీవైపు వస్తాయి.

ఇంటి చుట్టూ ఉన్న నేల గోడ నుంచి బయటికి వాలి ఉండాలి. ఒక బకెట్ నీళ్లు గోడ పక్కన పోసి చూడండి. నీళ్లు గోడవైపే వచ్చి నిలిస్తే, పునాది ఏడాదంతా తడిలోనే ఉంటుందన్నమాట.

వాన లెక్క సులభం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల పైకప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. ఆ నీళ్లన్నీ ఏ గొట్టంలోంచి దిగుతాయి, దిగి ఎటు పోతాయి అని అమ్మేవాళ్లను అడగండి. వాళ్లు చేత్తో చూపిస్తే ఆ దారి వెంట నడిచి వెళ్లండి. వీధి కాలువలో కలుస్తుందంటే ఆ కాలువకు ఎక్కడైనా ముగింపు ఉండాలి. నేను చూసిన ఒక వీధిలో కాలువ నాలుగిళ్లు దాటి ఖాళీ స్థలంలో ఆగిపోయింది. ఆ స్థలంలో ఇల్లు లేచిన రోజున వీధి మొత్తానికీ ఇబ్బందే.

మూడో అడుగు: ఇల్లు ఎలా కట్టారో తెలుసుకోండి

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సిమెంటు నీళ్లతో కలిసి రసాయన మార్పు చెంది గట్టిపడుతుంది. నీళ్లు అందకుండా ముందే ఆరిపోతే ఆ మార్పు మధ్యలో ఆగిపోతుంది. అందుకే మొదటి వారం రోజులు తడి ఆరకుండా చూడటం అంత ముఖ్యం. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు కొలవడం రివాజు. మామూలు సిమెంటుతో ఏడు రోజులకు అందులో దాదాపు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. తొందరపడి సెంట్రింగ్ విప్పితే, బలం రాని స్లాబు బరువుకు వంగుతుంది. ఆ వంపు ఇక పోదు.

కాబట్టి తేదీలు అడగండి. పునాది ఎప్పుడు వేశారు, స్లాబు ఎప్పుడు పోశారు, గోడలు ఎప్పుడు లేచాయి, ప్లాస్టరింగ్ ఎప్పుడైంది, రంగు ఎప్పుడు వేశారు. స్లాబు పోసిన మూడు నెలలకే ఇల్లు అమ్మకానికి సిద్ధమైందంటే ఏదో ఒక దశ కుదించారని అర్థం. ఫోన్లో ఫొటోలు తీయని వాళ్లు ఈ రోజుల్లో అరుదు. పునాది గుంతలు, కట్టిన ఇనుము, స్లాబు మీద నీళ్లు కట్టినప్పటి ఫొటోలు చూపించమనండి. శ్రద్ధగా కట్టినవాళ్లు అడగకముందే చూపిస్తారు. ఇది నా అనుభవంలో చాలా నమ్మకమైన గుర్తు.

ఫొటోల్లో ఒక సంగతి ప్రత్యేకంగా చూడండి. స్లాబు ఇనుము కింద, పిల్లర్ల ఇనుము చుట్టూ కవర్ బ్లాకులు (ఇనుమును సెంట్రింగుకు ఎడంగా ఉంచే చిన్న దిమ్మెలు) కట్టారా? ఇనుముకూ బయటి గాలికీ మధ్య కాంక్రీటు తగినంత మందం లేకపోతే తడి లోపలికి చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పాత స్లాబుల కింద ఇనుప చువ్వలు బయటపడి కనిపించేది ఇందుకే.

రంగు వేయని చోట్లు కూడా వెతకండి. మెట్ల కింద, నీళ్ల ట్యాంకు కింద, మేడ మీద పిట్టగోడ వెనక, అటక లోపల. లప్పం పెట్టని ఈ మూలల్లో అసలు పనితనం బయటపడుతుంది. కాంక్రీటులో కంకర రాళ్లు తేనెతుట్టెలా ఖాళీలతో కనిపిస్తే పోసేటప్పుడు సరిగా కుదించలేదని తెలుసుకోవచ్చు.

చెదల మందు పునాది దశలోనే మట్టికి పట్టించారా అని కూడా అడిగి, బిల్లు చూడండి. చెక్క ద్వారబంధాలు ఉన్న ఇంటికి ఇది చాలా అవసరం.

అనుమానం ఉంటే సొంతంగా ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పెట్టుకోండి. అమ్మేవాళ్లు పరిచయం చేసిన వ్యక్తి వద్దు. రీబౌండ్ హ్యామర్ అనే, కాంక్రీటును తట్టి చూసే పరికరంతో కాంక్రీటు ఉపరితల గట్టిదనాన్ని పగలగొట్టకుండానే చూడొచ్చు. అది అంచనా మాత్రమే ఇస్తుంది, కానీ ఒక పిల్లరుకూ మరో పిల్లరుకూ బాగా తేడా వస్తే అడగడానికి కారణం దొరికినట్టే.

నాలుగో అడుగు: పగుళ్లను చదవడం

కొత్త ఇంట్లో పగులు కనిపిస్తే అమ్మేవాళ్లు "అది ప్లాస్టరింగ్ పగులేనండీ" అంటారు. చాలాసార్లు అది నిజం కూడా. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు కుంచించుకుని వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వస్తాయి. అవి సాలెగూడులా అటూ ఇటూ పోతాయి, లోతు ఉండదు. వాటిని చూసి భయపడక్కర్లేదు. ఇటుక గోడ కాంక్రీటు బీమును కలిసే చోట తిన్నగా వచ్చే సన్నని గీత కూడా మామూలుదే. రెండు వస్తువులూ వేడికి ఒకేలా వ్యాకోచించవు కాబట్టి, ప్లాస్టరింగ్ కింద మెష్ (వల) పెట్టకపోతే అక్కడ విడుతుంది.

ఆగి చూడాల్సినవి వేరే ఉన్నాయి. కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో ఏటవాలుగా పైకి పాకే పగులు. ఇటుకల కీళ్ల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు. ఒక చివర సన్నగా మొదలై మరో చివరకు వెడల్పయ్యే పగులు. గోడకు లోపలా బయటా ఒకే చోట కనిపించే పగులు. ఇవన్నీ పునాదిలో ఒక భాగం ఎక్కువగా, మరో భాగం తక్కువగా దిగుతోందని సూచిస్తాయి. ఇంజనీర్లు మిల్లీమీటరు లోపు పగుళ్లను స్వల్పమైనవిగా లెక్కేస్తారు. 5 మిల్లీమీటర్లు దాటితే మరమ్మతు అవసరమైన నష్టం కిందికి వస్తుంది. కొత్త ఇంట్లో అయితే నేను రెండు మిల్లీమీటర్ల ఏటవాలు పగులునే సీరియస్‌గా తీసుకుంటాను. ఏడాది కూడా నిండని ఇంట్లో అది పెద్ద నష్టానికి మొదలు కావచ్చు.

పగులు వెడల్పు కొలవడానికి ఏటీఎం కార్డు చాలు. దాని మందం దాదాపు ముప్పావు మిల్లీమీటరు. కార్డు అంచు పగులులో దూరుతోందా లేదా చూడండి. దూరితే పక్కనే పెన్సిలుతో తేదీ రాసి ఫొటో తీసుకుని, నెల తర్వాత మళ్లీ కొలవండి. ఆ నెల ఆగడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంజనీరు చూడకుండా బయానా ఇవ్వకండి.

దాచిన పగుళ్లు పట్టుకోవాలంటే రాత్రి వెళ్లండి. టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పడేలా పట్టుకుంటే, పగటి వెలుతురులో కనిపించని ఎత్తుపల్లాలూ, లప్పం పూసిన పట్టీలూ నీడలతో సహా కనిపిస్తాయి. గోడ మొత్తంలో ఒక్క చోటే రంగు కొత్తగా మెరుస్తుంటే, ఎందుకు మళ్లీ వేయాల్సి వచ్చిందో అడగండి.

గోడ నిలువును బరువు కట్టిన దారంతోనూ, నేల మట్టాన్ని గోళీతోనూ చూడొచ్చు. గది మూల సరిగా ఉందో లేదో తెలియాలంటే మేస్త్రీల పాత లెక్క ఉంది. ఒక గోడ వెంట మూడు అడుగులు, పక్క గోడ వెంట నాలుగు అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే ఐదు అడుగులు రావాలి. రాకపోతే మూలమట్టం తప్పింది. ఒక అంగుళం తేడాతో ఇల్లు పడిపోదు గానీ, అల్మరాలు చేయించేటప్పుడు ప్రతి మూలా గొడవే.

టైల్స్ మీద నాణెంతో కొట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన వాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అక్కడక్కడ ఒకటి అరా ఉంటే పట్టించుకోవద్దు. గదిలో వరుసగా ఉంటే మళ్లీ పరిపించమనాలి.

ఐదో అడుగు: నీళ్లతో ఒక పూట

ఇంట్లో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం నీళ్లవే. అందుకే ఈ పరీక్షకు ఒక పూట పూర్తిగా పెట్టుకోవాలి.

మొదట మేడ ఎక్కండి. చదును పైకప్పు అయితే నీళ్లు దిగే గొట్టాలకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల లోతు నీళ్లు కట్టించి 24 గంటలు వదిలేయమని అడగండి. కిందికి వచ్చి సీలింగు చూడండి. ముఖ్యంగా గొట్టాలు దిగే మూలలు, ఫ్యాను కొక్కేల చుట్టూ, స్లాబు పిట్టగోడను కలిసే అంచులు చూడాలి. ఈ పరీక్షకు ఎవరైనా అభ్యంతరం చెబితే, వాళ్లకే స్లాబు మీద నమ్మకం లేదనుకోవాలి. గుడ్డలు తీశాక నీళ్లు ఎంతసేపట్లో పోతాయి, ఎక్కడ మిగిలిపోతాయి అనేది కూడా చూడండి. పెంకుల పైకప్పు అయితే పగటిపూట అటకెక్కి లోపలి నుంచి చూడండి. వెలుగు చొరబడే సందు కనిపిస్తే అక్కడ వాన కూడా చొరబడుతుంది.

తర్వాత బాత్రూములు. నేల మీద ఒక బకెట్ నీళ్లు పోసి, అవి జాలీ వైపు పోతున్నాయో గుమ్మం వైపు వస్తున్నాయో చూడండి. మేడ మీది బాత్రూము అయితే జాలీ మూసి నీళ్లు నిలబెట్టి, కింది గది సీలింగును మర్నాడు చూడాలి. కొత్త ఇంటి బాత్రూములో మురుగు వాసన వస్తుంటే కంగారుపడొద్దు. ట్రాపులో, అంటే వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచి ఉండే గొట్టం వంపులో, ఉండాల్సిన నీళ్లు వాడకం లేక ఆరిపోయి ఉంటాయి. నీళ్లు పోసి గంట తర్వాత చూడండి. అప్పటికీ వాసన ఉంటేనే గొట్టాల పనిలో లోపం.

అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. కిందా పైనా, వంటగదిలో, పెరట్లో. మేడ మీది షవరు ధార సన్నబడితే కారణం చాలాసార్లు ట్యాంకు ఎత్తు. పది మీటర్ల నీటి నిలువు దాదాపు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. ట్యాంకులో నీటిమట్టం షవరు కంటే రెండు మీటర్లే ఎత్తులో ఉంటే, దక్కేది 0.2 బార్ మాత్రమే. దానికి కుళాయి మారిస్తే ప్రయోజనం ఉండదు. ట్యాంకు ఎత్తు పెంచాలి, లేదా పంపు పెట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో కొనకముందే తేలాలి.

అన్నీ కట్టేశాక నీటి మీటరు చూడండి. ఏ కుళాయీ తిరగకుండా మీటరు ముల్లు కదులుతుంటే గోడలోనో నేలలోనో కారుతున్నట్టే. మీటరు లేకపోతే ట్యాంకు నిండుగా పట్టి మట్టం గుర్తుపెట్టి, రాత్రంతా వదిలి తెల్లారి చూడండి.

చెమ్మ పరీక్ష నేను ప్రతిసారీ చేస్తాను. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని రెండడుగుల ముక్క కోసి, గోడ అడుగున నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచాలి. గోడవైపు నీటి చుక్కలు పడితే తేమ గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే అది గాలిలోని తేమ. కొత్త ఇంటి గోడల్లో కట్టుబడి నీళ్లు కొంత మిగిలి ఉండటం సహజమే, ఆరడానికి నెలలు పడుతుంది. అయితే ఇంట్లో అన్ని గోడలూ పొడిగా ఉండి, ఒక్క గోడే తడిగా ఉంటే దాని వెనక కారణం ఉంటుంది. మా మొదటి ఇంట్లో ఈ పరీక్ష చేసి ఉంటే వెనక గది సంగతి అప్పుడే బయటపడేది. పునాది మీద తేమను ఆపే పొర వేయకుండానే అక్కడ గోడ లేపేశారు.

చిన్న పట్టణాల్లో మురుగు లైను లేని వీధులు చాలా ఉంటాయి. అక్కడ సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. మూత ఎక్కడుంది, గాలి గొట్టం ఉందా, శుభ్రం చేసే బండి అక్కడి దాకా రాగలదా, ట్యాంకు నిండాక బయటికొచ్చే నీళ్లు ఎటు పోతాయి అనేవి చూడండి. మూత తీసి లోపల తల పెట్టొద్దు, ఎవర్నీ దిగనివ్వొద్దు. వాడిన ట్యాంకులో విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. బోరు గానీ బావి గానీ ఉంటే సెప్టిక్ ట్యాంకుకూ దానికీ మధ్య దూరం కొలవండి. చాలా నియమావళులు 15 నుంచి 30 మీటర్ల దూరం కోరతాయి. పక్కింటివాళ్ల ట్యాంకు మీ బోరుకు ఎంత దూరంలో ఉందో చూడటం అందరూ మర్చిపోతారు.

తాగే నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) అసలు కనిపించకూడదు. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు మించకూడదు. ఎరువుల నుంచి నైట్రేట్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి చుట్టూ పొలాలుంటే ఆ పరీక్ష తప్పనిసరి, పసిపిల్లలున్న ఇంటికి మరీనూ.

ఆరో అడుగు: కరెంటు

సాకెట్ టెస్టర్‌ను ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూడండి. ఫేజు, న్యూట్రల్ తారుమారైతే, ఎర్తు లేకపోతే దాని దీపాలు చెప్పేస్తాయి. ఎర్తు ఉందని అది చెప్పగలదు గానీ, ఆ ఎర్తు ఎంత బాగుందో చెప్పలేదు. అందుకు మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి.

మెయిన్ బోర్డు తెరిపించండి. షాకు నుంచి మనుషులను కాపాడేది ఆర్‌సీసీబీ. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉండాలి. టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి. ఎంసీబీలు ఉన్నాయి కదా అని సరిపెట్టుకోవద్దు. అవి వైరు కాలిపోకుండా కాపాడతాయి, మనిషికి షాకు కొట్టినప్పుడు పడవు. ఏ ఎంసీబీ ఏ గదిదో పేర్లు రాసి ఉన్నాయో చూసి, ఒక్కొక్కటే ఆపి సరిచూసుకోండి.

గీజరు, ఏసీ లాంటి వాటికి వేరే లైను, మందమైన వైరు ఉండాలి. వైరింగ్ గోడలో ఏ దారిన పోయిందో చూపించే ఫొటోలు ఉంటే అడిగి తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటో ప్రాణం కాపాడుతుంది. సాయంత్రం అందరూ వాడే వేళలో లైట్లన్నీ వేసి, మోటారు కూడా ఆన్ చేయించండి. లైట్లు బాగా మసకబారితే వీధి లైను బలం తక్కువ.

ఏడో అడుగు: కుటుంబంతో ఒక రోజు

ఇంట్లో వాళ్లందరినీ తీసుకెళ్లండి. పెద్దవాళ్లను మెట్లు ఎక్కి దిగమనండి. మెట్ల ఎత్తులన్నీ ఒకేలా ఉండాలి. ఒక్క మెట్టు అంగుళం ఎక్కువున్నా కాలు తట్టుకుంటుంది, చీకట్లో మరీను. మెట్ల పక్క కమ్మీల మధ్య సందు పది సెంటీమీటర్లు మించితే చిన్నపిల్లల తల దూరే ప్రమాదం ఉంది. మేడ మీద పిట్టగోడ పిల్లలు ఎక్కలేనంత ఎత్తు ఉండాలి.

ప్రతి గదిలో నిలబడి ఫోన్ చేసి చూడండి. చిన్న పట్టణం చివరి వీధుల్లో సిగ్నల్ ఒక గదిలో ఉండి ఒక గదిలో పోతుంది. అత్యవసర వైద్యం దొరికే ఆసుపత్రికి రాత్రిపూట బండి మీద వెళ్లి టైము చూసుకోండి. పడమటి గోడ మధ్యాహ్నం మూడింటికి చెయ్యి ఆన్చితే ఎంత వేడిగా ఉంది? కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయా? ఇవి వేసవిలో నిద్ర పట్టడానికి సంబంధించిన ప్రశ్నలు.

కొత్త అల్మరాల తలుపులు గంటసేపు మూసి ఉంచి, ఒక్కసారిగా తెరవండి. కళ్లు మండేంత ఘాటు వస్తే ప్లైవుడ్ జిగురులోని ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు ఇంకా వెలువడుతూ ఉండొచ్చు. పసిబిడ్డలుంటే వారాల తరబడి తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చాకే దిగండి.

పక్కన ఖాళీ స్థలం ఎవరిదో, ఏం రాబోతోందో కూడా కనుక్కోండి. ఇవాళ కిటికీలోంచి కనిపించే పచ్చదనం రేపు మిల్లు గోడ కావచ్చు.

ఎనిమిదో అడుగు: కాగితాలు

ఇక్కడ పేర్లూ పద్ధతులూ ప్రాంతాన్ని బట్టి మారతాయి, చూడాల్సిన విషయాలు మాత్రం అవే. నేల అమ్మేవాళ్లదేనా? వాళ్లకు ఎవరి నుంచి, ఎలా వచ్చింది? దాని మీద అప్పు, తాకట్టు, కోర్టు కేసు ఉన్నాయా? నేల ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఉన్నదేనా? ఆమోదించిన ప్లానూ, కట్టిన ఇల్లూ ఒకటేనా? ప్లాను చేత్తో పట్టుకుని గది గదీ తిరిగి కొలవండి. ప్లానులో లేని గది ఒకటి ఉందంటే, దానికి అనుమతి లేదు. కట్టుబడి పూర్తయిందనీ, నివాసానికి పనికొస్తుందనీ స్థానిక సంస్థ ఇచ్చే పత్రం ఉండాలి.

హద్దులు సర్వేయరుతో కొలిపించుకోండి. చిన్న పట్టణంలో "ఆ చెట్టు దాకా మనదే" అనే మాట మీద నడిచిపోతుంటుంది. ఇంటికి వచ్చే దారి ఎవరిదో కూడా చూడాలి. అది ప్రైవేటు దారి అయితే మీ హక్కు పత్రంలో రాసి ఉండాలి.

ఈ కాగితాలు మీ తరఫు లాయరు చూడాలి. తెలిసినవాళ్లే కదా అని అమ్మేవాళ్ల లాయరుతోనే పని కానివ్వొద్దు.

తొమ్మిదో అడుగు: లోపాల జాబితా, ఒప్పందం

ఇప్పటిదాకా నోటుబుక్కులో రాసుకున్నవన్నీ మూడు భాగాలు చేయండి. ఇల్లు వదిలేయాల్సినవి, రిజిస్ట్రేషన్ లోపు బాగు చేయాల్సినవి, మనమే చూసుకోగలిగినవి. మొదటి భాగంలో ఒక్కటి ఉన్నా ధర తగ్గించినంత మాత్రాన ఒప్పుకోకండి. కుంగే పునాదికీ, వివాదంలో ఉన్న నేలకూ తగ్గింపు ధర అంటూ ఉండదు.

రెండో భాగాన్ని ఫొటోలతో, గది పేర్లతో, గడువు తేదీతో రాసి ఒప్పందానికి జతచేయండి. "చేయిస్తాంలెండి" అని నోటితో అంటే సరిపోదు. చివరి విడత డబ్బు పనులు పూర్తయి, మీరు మళ్లీ పరీక్ష చేశాకే ఇస్తామని అందులోనే రాయించండి. స్లాబు కారడం, పగుళ్లు, గొట్టాల లీకేజీ ఎంత కాలం వరకు కట్టినవాళ్ల బాధ్యతో సంవత్సరాలతో సహా రాసి ఉండాలి. మోటారు, గీజరు, తలుపులు, కుళాయిల బిల్లులూ వారంటీ కార్డులూ అన్నీ అడిగి తీసుకోండి. కట్టిన మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబర్లు కూడా. ఆ ముగ్గురికీ ఆ ఇంటి గోడల లోపల ఏముందో తెలుసు.

పదో అడుగు: దిగాక మొదటి ఏడాది

ఖరీదైన వాల్‌పేపరు, గోడ నిండా అల్మరాలు మొదటి ఏడాది పెట్టకండి. గోడలు ఆరాలి, మనం వాటిని చూస్తూ ఉండాలి. రోజూ కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. సామాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి.

తొలి పెద్ద వాన రాత్రి కరెంటు ఉన్నా లేకున్నా టార్చి పట్టుకుని ఇల్లంతా తిరగండి. కిటికీ అంచులు, సజ్జల కింద, మేడ మెట్ల గది, సీలింగు మూలలు చూడండి. ఎక్కడ తడి కనిపించినా అప్పుడే ఫొటో తీయండి, ఆరిపోయాక ఎవరూ నమ్మరు. మర్నాడే కట్టినవాళ్లకు రాతపూర్వకంగా పంపండి. పెన్సిలు తేదీలు రాసిన పగుళ్లను వానాకాలం చివర ఒకసారి, నడివేసవిలో ఒకసారి కొలవండి. వాళ్ల బాధ్యత గడువు ముగియడానికి రెండు నెలల ముందే ఇల్లంతా మళ్లీ ఒక చుట్టు చుట్టి, కొత్త జాబితా రాసి సంతకం తీసుకుని అందించండి. చెల్లెలి ఇంట్లో ఆ ఆఖరి జాబితాలో పదకొండు పనులు తేలాయి. మేడ మీద పిట్టగోడ పగులుతో సహా అన్నీ గడువులోపే చేయించుకున్నాం.